డబ్బాలో ఇరుక్కున్న కబడ్డీ

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. కొందరు కాళ్లు కూడా కడుక్కుని వచ్చేవాళ్లు. మీరు నవ్వుతారని తెలుసు, పడుకుని పొట్ట మీద పెట్టుకుని ఆడుకునే పిల్లలు మీరు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఒక శుక్రవారం దానికి పసుపు రాసి, తెర నట్టనడుమ కుంకుమ బొట్టు పెట్టింది (తుడిస్తే అరిష్టం అంది, అందుకని వారం రోజులు మా ఆటలోని కబడ్డీ ఆటగాళ్లందరూ ఆ బొట్టు కిందుగా వంగి పరుగెత్తినట్టే కనిపించారు). మొన్న ఫోన్లో చిన్నోడు ఏదో ఆటల కంపెనీని తిట్టిపోస్తుంటే విన్నాను. వాడికి ఇష్టమైన ఆటగాడి బలం తగ్గించారట, కంపెనీవాళ్లకు బుద్ధి లేదట, ఆ మాటే వాళ్లకు రాసి పంపాడట. నాకు వాడి మీద కోపం రాలేదు కానీ, ఎక్కడున్నారో తెలియని ఆ కంపెనీవాళ్ల మీద చెప్పలేనంత జాలి కలిగింది. ఎందుకంటే కన్నా, మీరు మస్కట్‌లో పుట్టడానికి చాలా ముందు, మీ అమ్మ కూడా పుట్టకముందు, కరీంనగర్‌లో ఒక ఆటల కంపెనీ ఉండేది. దానికి మేనేజింగ్ డైరెక్టర్ మీ అమ్మమ్మ.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చదివి, ఎవరో అమ్మేస్తున్న పాత కంప్యూటర్‌ను పరుపులో చుట్టి బస్సులో ఊరికి తెచ్చుకున్నాను. మా బాపుకు ఎరువులు, విత్తనాల దుకాణం. దానిపైన ఉన్న గది, మా భాషలో అర్ర, ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాను. కింద యూరియా వాసన, పైన కంప్యూటర్. బోర్డు రాయించడానికి ఒక పెయింటర్‌ను పిలిచాను. ఆయన 'మైదానం కంప్యూటర్ ఆటలు' అని రాసి, పక్కన అడక్కుండానే తొడగొడుతున్న కబడ్డీ ఆటగాడి బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి ఆయన్ను కంపెనీలోనే పెట్టుకున్నాను. అందరూ బొమ్మలన్న అని పిలిచేవాళ్లు. ఆటగాళ్లను ఆయన గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో నింపితే, నేను ఆ గళ్లను లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెప్పేదాన్ని. మనిషి మొత్తం పదహారు గళ్లు. అందులో రెండు గళ్లు మీసానికే పోయేవి. "అన్నా, మీసం లేకుంటే చెయ్యి ఇంకొంచెం పొడుగు పెట్టొచ్చు గదనే" అంటే, "చెల్లె, చెయ్యి పొట్టిగున్నా నడుస్తది, మీసం లేకుంటే మనోడని ఎవడన్న నమ్ముతడా?" అనేవాడు. అంతే, ఇద్దరమే కంపెనీ. ఊళ్లోవాళ్లు మాత్రం బోర్డు చదవకుండా 'డబ్బాట దుకాణం' అనేవాళ్లు.

బాపుకు మొదటినుంచీ ఇది నచ్చలేదు. ఒకరోజు పైకి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు తెర చూశాడు. "ఏం బిడ్డా, పోరగాండ్లు బయట మట్టిల ఉరుకుతరు, నువ్వు ఆళ్లను తెచ్చి గీ డబ్బల ఉరికిస్తవు. బయట ఉరికితే చెమటన్న వడ్తది, గిండ్ల ఉరికితే ఏమొస్తది?" అన్నాడు. నేను మీటలు నొక్కుతూనే ఉన్నాను. "దసరా దాక చూస్త. అందాక నీ ఆట ఎవరన్న పెద్దోళ్లు తీసుకున్నరంటే సరే. లేకుంటే యాసంగి విత్తనాల బస్తాలు పైన అర్రల ఏయాలె, నువ్వు పంతులమ్మ కోర్సుకు కాయితం నింపాలె. మాటేనా?" అన్నాడు. మాటే అన్నాను. బాపు అరిచే మనిషి కాదు. అందుకే ఆయన పెట్టే గడువంటే అందరికీ భయం.

ఇక నా తెలివితేటలు వినండి. ఊరూ పేరూ లేని ఆటగాళ్లు పరుగెత్తితే ఎవరు చూస్తారు, మన చుట్టుపక్కల ఆటగాళ్ల పేర్లు పెడదాం అనుకున్నాను. సుల్తానాబాద్ జట్టు, హుజూరాబాద్ జట్టు, ఆదిలాబాద్, మంచిర్యాల లాంటివి ఇంకో నాలుగైదు జట్లు. సుల్తానాబాద్‌లో ఒక రైతు ఉండేవాడు, అసలు పేరు నాకు ఈనాటికీ తెలియదు, అందరూ ఉడుము అనేవాళ్లు. ఎదుటివాడి మడమ దొరికిందంటే వదలడు. హుజూరాబాద్‌లో బట్టల కొట్టు నడిపే మరొకడు కొర్రమట్ట. చెరువులో కొర్రమట్ట చేప చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతుంది చూడండి, అలా జారిపోయేవాడు. వాళ్లను అడిగి, సంతోషంగా ఒప్పుకున్నాకే పేర్లు పెట్టాను. ఊళ్లోని రెండు మూడు కంప్యూటర్ నేర్పే సెంటర్లకు ఆట ఫ్లాపీలు ఇచ్చాను. ఒక్కో ఫ్లాపీతో ఒక పోస్టుకార్డు కూడా పెట్టాను. 'ఆటలో మీకు నచ్చనిది ఏదైనా ఉంటే రాయండి' అని దాని మీద మా అడ్రసు. పెద్ద పెద్ద కంపెనీలు అలా చేస్తాయని ఏదో పత్రికలో చదివాను లెండి.

నెల గడిచినా ఒక్క కార్డూ రాలేదు. అందరికీ నచ్చేసిందని నేనూ బొమ్మలన్నా మురిసిపోయాం. మన దగ్గర నచ్చనిది కార్డు మీద రాయరని, నేరుగా మనిషే వస్తాడని ఆ పత్రికవాడికేం తెలుసు! ఒక పొద్దున దుకాణం ముందు ట్రాక్టర్ ఆగింది. ఎరువుల కోసమని బాపు లేచి నిలబడ్డాడు. ట్రాక్టర్ డబ్బాలోంచి ఎనిమిది మంది దిగి, బాపుకు నమస్తే పెట్టి, ఎనిమిది జతల చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకి వచ్చేశారు. ముందున్న మనిషి నలభై ఐదేళ్లవాడు, తెల్ల ధోవతి, భుజం మీద తువ్వాల. ఉడుము కాక. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు, చాప మీద కూర్చున్నాడు. చాయ్ తాగాడు. వానల గురించి మాట్లాడాడు. మా అవ్వ ఆరోగ్యం అడిగాడు. రెండో చాయ్ కూడా అయ్యాక మెల్లగా అన్నాడు:

"బిడ్డా, ఒక ముచ్చట. ఇరువై ఏండ్లు ఆడిన నేను. నా పట్టు ఇంతవరకు ఎవ్వడు ఇడిపించుకోలే. మొన్న నీ డబ్బల ఎవడో మీసాలోడు ఇడిపించుకొని ఉరికిండట. మా అల్లుడు చూసిండు. ఇంటికొచ్చి నవ్విండు బిడ్డా. అల్లుడు నవ్విండు."

ఆ చివరి మాట ఆయన అన్న తీరుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. బలాబలాలు కంప్యూటర్ లెక్క ప్రకారం మారుతుంటాయని చెప్పబోయాను. వెనకనుంచి ఒకాయన, "లెక్క గిక్క మాకెందుకు చెల్లె, ఉన్నది ఉన్నట్టు పెట్టు" అన్నాడు. ఇంటికి వచ్చిన మనిషికి, అందులో చాప మీద కూర్చుని మన చాయ్ తాగిన మనిషికి, కాదని చెప్పి పంపించడం మా ఇంట్లో ఎవరికీ రాదు. "సరే కాకా, ఎదుటోని కూత తెగేదాక నీ పట్టు ఊడదు. నేను చూసుకుంట" అన్నాను. కూత అంటే మీకు తెలుసుగా, కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి తీసుకోకుండా పలకడం. అది తెగితే ఆ మనిషి అవుట్. వాళ్లు వెళ్లేటప్పుడు ఒక బస్తా పచ్చి మక్కకంకులు దించి వెళ్లారు. ఆ సాయంత్రమే ఆటలో ఆ సంగతి రాసేశాను.

పది రోజులు కాలేదు, కొర్రమట్ట అన్న వచ్చాడు. ఆయన ఒక్కడే రాలేదు, వాళ్ల అమ్మను వెంట తెచ్చాడు. ముప్పై దాటిన మనిషి, బట్టల కొట్లో కూర్చుని కూర్చుని చిన్న బొజ్జ కూడా వచ్చింది. ఆయన నోరు విప్పకముందే ఆ తల్లి, "గీ పిల్లేనా? చూడ ముద్దుగనే ఉన్నది. మరి మా పోరని కూత నడిమిట్ల ఎందుకు తెంపినవే బిడ్డా? పుట్టిన సంది ఆని కూత గీత దాటకముందు తెగలే. చిన్నప్పుడు ఏడ్సినా గంతే, ఊపిరి తియ్యకపోవు" అంది. తను తెచ్చిన సకినాల డబ్బా నా ఒళ్లో పెట్టింది. ఆయన సిగ్గుపడుతూ, "అక్కరలేదంటే ఇనలే చెల్లె, అవ్వనే గుంజుకొచ్చింది. గని జర చూడు మరి, కొట్టుకొచ్చినోళ్లు అడుగుతున్నరు" అన్నాడు. మళ్లీ అదే మాట: "సరే అన్నా, గీత దాటేదాక నీ కూత తెగదు." సకినాలు చాలా బాగున్నాయి. కరకరలాడిస్తూనే ఆ సంగతి కూడా ఆటలో రాసేశాను. బొమ్మలన్న ఒక్కడే, గళ్లు నింపుతూ, "చెల్లె, అందరికి సరే అంటున్నవు, ఆట ఎవడు ఓడాలె మరి?" అన్నాడు. "ఓడేటోళ్లు రాలే గదనే" అన్నాను. ఎంత హాయిగా అన్నానో!

ఇక దసరాకు నెల రోజులుందనగా కరీంనగర్‌లో కబడ్డీ పోటీలు పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక సారు వచ్చాడు. చాలా ఊళ్లలో కంప్యూటర్ నేర్పే సెంటర్లున్న మనిషి, మెడలో టై. ఆట బాగుంటే అన్ని సెంటర్లకూ తీసుకుంటానని కబురు పెట్టాడు. నా గడువు, మా అర్ర, మా బోర్డు, బొమ్మలన్న కొలువు అన్నీ ఆ టై కొసకు వేలాడుతున్నాయన్నమాట. షామియానా కింద బల్ల వేసి, దాని మీద దుప్పటి పరిచి కంప్యూటర్ పెట్టాం. వెనకున్నవాళ్లకు తెర కనిపించదని ఒక వ్యాయామం సారు మైకులో చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆటలో కూత అంటే కంప్యూటర్ లోపలినుంచి 'టికిటిక్ టికిటిక్' అనే చప్పుడు, అది కూడా వినిపించాలని ఇంకో మైకును డబ్బా పక్కన కట్టారు. బాపు దూరంగా, తనకు సంబంధం లేనట్టు, సోడా బండి దగ్గర నిలబడ్డాడు.

నేను మైకు తీసుకుని, "ఏ రెండు జట్లు ఆడాలెనో మీరే చప్పట్లతోని చెప్పుండ్రి" అన్నాను. అభిమానులను ఆటలో కలుపుకోవాలని అది కూడా ఆ పత్రికలోనే ఉంది. నేను ఆదిలాబాద్ మీదా మంచిర్యాల మీదా ఆశ పెట్టుకున్నాను. కానీ మైదానమంతా ఒక్కటే కేక, సుల్తానాబాద్, హుజూరాబాద్! నా పక్కన బొమ్మలన్న పెన్సిల్ నేల మీద పడింది. నాకప్పటికీ వెలగలేదు.

మొదట్లో అంతా బాగానే సాగింది. జనం ఈలలు వేశారు. తర్వాత తెర మీద కొర్రమట్ట కూతకు వెళ్లాడు. తిరిగి వస్తుంటే ఉడుము మడమ పట్టాడు. "పట్టిండు! ఉడుము పట్టిండు!" అని వ్యాయామం సారు మైకు మింగినంత పని చేశాడు. కొర్రమట్ట చెయ్యి చాచి పడి ఉన్నాడు, వేళ్లకూ గీతకూ నడుమ ఒక్క గడి దూరం. టికిటిక్ టికిటిక్. పట్టు ఊడాలంటే కూత తెగాలి. కూత తెగాలంటే గీత దాటాలి. గీత దాటాలంటే పట్టు ఊడాలి. అప్పుడు వెలిగింది కన్నా, మీ అమ్మమ్మ బుర్ర. ట్రాక్టర్ మీద వచ్చినవాళ్లకు ఇచ్చిన మాటా, సకినాలు తిని ఇచ్చిన మాటా, రెండూ ఆ ఒక్క గడి దగ్గర ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి.

రెండు నిమిషాలు జనం ఊపిరి బిగపట్టి చూశారు. అయిదు నిమిషాలకు ఊపిరి వదిలేశారు. నాలుగు లౌడుస్పీకర్లలో టికిటిక్ టికిటిక్. ఒక ముసలాయన, "ఎవ్వడే ఆ కూత పెట్టినోడు, మనిషేనా కొలిమి తిత్తినా!" అన్నాడు. ఒక కాలేజీ పిల్లవాడు తెరతో పోటీగా కూత పెట్టి, ముఖం కందిపోయి మిత్రుల మీద ఒరిగిపోయాడు. వ్యాయామం సారు, "ఇంక పట్టుకొనే ఉన్నడు... ఇంక కూత నడుస్తనే ఉన్నది..." అని గొంతు పోయేదాకా చెప్పి, మైకు బల్ల మీద పెట్టి నీళ్లు తాగాడు. నేను అన్ని మీటలూ నొక్కాను. టై సారు వంగి, "ఏమైందమ్మా?" అన్నాడు. బొమ్మలన్న నా చెవిలో, "చెల్లె, తీగ పీకేస్త. కరెంటు పోయిందని చెప్దాం. మన దగ్గర ఎవరు అనుమానపడరు" అన్నాడు.

నిజమే, ఎవరూ అనుమానపడరు. ఆయన చెయ్యి తీగ మీదే ఉంది, నేను తల ఊపితే చాలు. కానీ ముందు వరసలో ఉడుము కాక కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన అల్లుడు. ఆ డబ్బా వైపే చూస్తున్న కాక ముఖం వెలిగిపోతోంది. ఈ చివర కొర్రమట్ట అన్న అవ్వ, కొడుకు కూత వింటూ చేతులు జోడించి కూర్చుంది. ఇద్దరికీ నేను చేసింది మోసమేనని అప్పుడు తట్టింది. మైకు తీసుకున్నాను. నా గొంతు మామూలుగానే వినపడదు, ఆ రోజు మరీను.

"కాకా, అన్నా, తప్పు నాది. పట్టు ఊడదని కాకకు మాటిచ్చిన, కూత తెగదని అన్నకు మాటిచ్చిన. ఇద్దరు ఒక్కకాడికి వస్తరని సోంచాయించలే. గిది ఇంక తెల్లారినా తెగదు" అన్నాను.

మైదానం మొత్తం పడీపడీ నవ్వింది. టై సారు గడియారం చూసుకున్నాడు. నేను భూమి చీలితే బాగుండును అనుకుంటుండగా, ఎవరో, "డబ్బ తేల్సకుంటే మీరే తేల్సుకోండ్రి!" అని అరిచారు. అందరూ అందుకున్నారు. ఉడుము కాక లేచి, తువ్వాల అల్లుడి చేతికిచ్చి, ధోవతి ఎగగట్టాడు. కొర్రమట్ట అన్న వాచీ తీసి వాళ్ల అవ్వకిచ్చాడు. ఇద్దరూ గీతల మధ్యకు వచ్చాక చూస్తే, ఒకరికి నెరిసిన జుట్టు, ఒకరికి బొజ్జ. నా తెర మీద పదహారు గళ్లలో ఉన్నవాళ్లు వీళ్లేనా అనిపించింది. ఇద్దరూ మైదానంలో దిగి ఏళ్లయిందని తర్వాత తెలిసింది.

కొర్రమట్ట అన్న కూత అందుకుని వెళ్లాడు. ఒకటి రెండుసార్లు చేపలాగే మెలితిరిగాడు, బొజ్జ అడ్డం వచ్చి మూడోసారి తిరగలేకపోయాడు. మడమ దొరికింది. పడ్డాడు. చెయ్యి చాచాడు. గీతకు జానెడు దూరం. నా డబ్బాలో ఎలా ఉందో అచ్చం అలాగే! "కబడ్డి కబడ్డి కబడ్డి..." మెడ నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది, కూత సన్నబడి, సన్నబడి, ఇంక తెగుతుంది అనగా... ఉడుము కాక మడమ వదిలేశాడు. కొర్రమట్ట అన్న దొర్లి గీత అవతల పడి అప్పుడు ఊపిరి తీశాడు.

సుల్తానాబాద్ వాళ్లు గోల పెట్టారు. అల్లుడు ఉరికి వచ్చి, "మామా, ఎందుకిడిసినవే?" అన్నాడు. కాక నిదానంగా దుమ్ము దులుపుకున్నాడు. "ఎందుకేంది? ఆడు ఇడిపించుకున్నడా? నేనిడిసిన. నా పట్టు నా దగ్గరనే ఉన్నది. తమ్ముని కూత గీత దాటింది, ఆనిది ఆని దగ్గరనే ఉన్నది. ఇంకో గడియైతే ఊపిరి వోవు. ఆట కోసం పాణం తీస్తమా?" అన్నాడు. అల్లుడు ఆ రోజు నవ్వలేదు. మామ కాలి దుమ్ము కూడా తనే దులిపాడు. కాక అక్కడినుంచి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంకా టికిటిక్‌మంటున్న తెరను కాసేపు చూశాడు. "బిడ్డా, దీనికి పట్టుడు మంచిగ నేర్పినవు. ఇడుసుడు నేర్పలే. పాపం అదేం జేస్తది?" అన్నాడు.

టై సారు ఆ మాట విన్నాడు. "అమ్మా, ఇప్పుడు మైదానంలో జరిగింది డబ్బాలో జరిగితే, అన్ని సెంటర్లకూ తీసుకుంటాను" అన్నాడు. పది రోజులు కూర్చుని ఒక మీట కలిపాను. పట్టిన మనిషి కావాలనుకుంటే వదిలేసే మీట. దాన్ని నొక్కితే ఆట ఓడినట్టు కాదు, పట్టు ఊడినట్టూ కాదు. పిల్లలు ఆ మీటనే ఎక్కువ నొక్కుతున్నారని సెంటర్ల నుంచి కబురొచ్చింది (ఈసారి కార్డుల మీదే వచ్చింది, హైదరాబాద్ వాళ్లు కదా). దసరా నాడు జమ్మి ఆకు బాపు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, ఆయన ఆకు జేబులో వేసుకుని, ఎటో చూస్తూ, "బస్తాలు కిందనే పట్టినయి బిడ్డా" అన్నాడు. మరుసటి వారం చూస్తే పైన అర్రలో, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఒంటరిగా ఆట ఆడుకుంటున్నాడు. వేలు ఆ మీట మీదే ఉంది.

తర్వాత నాలుగేళ్లు నడిచింది కంపెనీ. రంగురంగుల ఆటలు వచ్చాక మా మీసాలవాళ్లను ఎవరూ అడగలేదు. బొమ్మలన్న మళ్లీ బోర్డులకు వెళ్లాడు, నేను పిల్లలకు కంప్యూటర్ నేర్పే పంతులమ్మనయ్యాను. (అంటే బాపు మాట కూడా చివరికి నెగ్గింది చూడండి.) ఆ ఫ్లాపీ ఇప్పటికీ సకినాల డబ్బాలో ఉంది. చదివే యంత్రమే లేదు.

అందుకే చిన్నోడా, ఆ కంపెనీవాళ్లకు ఇంకోసారి రాసేటప్పుడు కాస్త మెల్లగా రాయి. అక్కడ కూడా ఎవరో ఒక పిల్ల ఇద్దరికి మాటిచ్చి కూర్చుని ఉంటుంది. ఇక నా సంగతంటారా, ప్రతి ఆదివారం ఫోన్లో మాటలన్నీ అయిపోయాక, "నువ్వు ముందు ఫోన్ పెట్టెయ్ అమ్మమ్మా" అని మీరంటారు, "మీరే పెట్టుండ్రి" అని నేనంటాను, మీ అమ్మ వచ్చి లాక్కునేదాకా మీరూ నేనూ అలాగే గీతకు జానెడు దూరంలో ఉంటాం. ఇరవై నాలుగేళ్ల మేనేజింగ్ డైరెక్టర్ పది రోజుల్లో ఆ మీట కలిపేసింది. ఈ ముసలిదానికి మాత్రం అదెక్కడుందో ఇప్పటికీ దొరకడం లేదు.